పూచీ పడే మనిషి

ఈ వారమంతా నన్ను వదలని కాగితం ఒకటుంది: పోలీస్ వెరిఫికేషన్. బెంగళూరు పరప్పన అగ్రహార సెంట్రల్ జైలు నుంచి చందాపురకు హోసూరు రోడ్డు మీద ఎంతో దూరం లేదు. బయటికొచ్చిన మనిషికి బొమ్మసంద్ర, జిగణి, అత్తిబెలె ఫ్యాక్టరీలే దిక్కు. చదువు లేనివాడికి తొందరగా దొరికే సెక్యూరిటీ గార్డు పనికి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల 2005 చట్టమే పూర్వాపరాల తనిఖీ పెట్టింది. శిక్ష తీరిందని కోర్టు అంటుంది. ఇల్లు అద్దెకిచ్చేవాడు ఒప్పుకోడు.

నా పాత పాట ఇదే: కొత్త చట్టం అడిగేముందు ఉన్నదాన్ని తీసి చదవండి. దోషిని జైలుకు బదులు పర్యవేక్షణలో ఉంచే 1958 ప్రొబేషన్ చట్టం 13వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వం గుర్తించిన సంఘం పంపిన మనిషిని గానీ, ప్రత్యేక సందర్భంలో కోర్టుకు తగినవాడనిపించిన మరెవరినైనా ప్రొబేషన్ అధికారిగా పెట్టవచ్చు. తన పర్యవేక్షణలో ఉన్నవాళ్ళకు పని చూసిపెట్టడానికి ప్రయత్నించడం ఆయన విధి. బాధితుల గోడు ఎవరికి పట్టిందని అడిగేవాళ్ళకు కూడా అక్కడే జవాబుంది: కోర్టు విధించిన పరిహారం కట్టించడంలో సాయపడటమూ ఆయన పనే. జపాన్‌లో ఇలా జీతం లేకుండా పనిచేసేవాళ్ళు నలభై వేలకు పైగా ఉన్నారు. ప్రమాదం లేదనను. 2024 మేలో అక్కడి ఓత్సు నగరంలో అలాంటి ఒకాయన సొంత ఇంట్లో హత్యకు గురైతే, ఆయన చూసుకుంటున్న మనిషినే అరెస్టు చేశారు. దానికి విరుగుడు ఇద్దరు కలిసి వెళ్ళడం, నలుగురు తిరిగే చోట కలవడం. పని మానేయడం విరుగుడు కాదు.

అయితే మన జైళ్ళలో నలుగురిలో ముగ్గురు విచారణ ఖైదీలే. శిక్ష పూర్తిచేసినవాళ్ళకు లాగే నేరం రుజువు కానివాళ్ళకు కూడా ఈ ప్రొబేషన్ వర్తించదు, బయటికొస్తే ముద్ర మాత్రం వాళ్ళకూ ఉంటుంది. ఇక్కడే స్టూవర్టుపురం గుర్తొస్తుంది. 1871 నాటి చట్టం కులాలకు కులాలనే నేరస్థులన్నది; అలా ముద్ర పడ్డవాళ్ళను ఉంచిన ఆంధ్రా ఊరది. 1952లో చట్టం పోయింది, మాట పోలేదు. 1970లలో సంఘ సంస్కర్తలు హేమలతా లవణం, లవణం దంపతులు అక్కడ పని మొదలుపెట్టేనాటికి ఆ పేరు వింటే జనం ఉలిక్కిపడేవాళ్ళు. ఖైదీకి దారి చూపే మనుషులు కావాలని రాయబోయాను. స్టూవర్టుపురాన్ని తలచుకున్నాక, వీధికి నచ్చజెప్పేవాళ్ళ కొరతే పెద్దదనిపిస్తోంది. కన్నడం, తెలుగు, తమిళం కలగలిసిన చందాపురలో లేబర్ కాంట్రాక్టరు దగ్గరికీ ఇంటి యజమాని దగ్గరికీ వెళ్ళి, 'ఇతనికి నేను పూచీ' అని, మర్నాడు పొద్దున కూడా ఫోనెత్తేవాళ్ళు ఓ పాతికమంది ఉన్నా చాలు.