యంత్రము పోసిన గోడ: మన్నిక మాటేమిటి?

2023 ఆగస్టులో బెంగుళూరు కేంబ్రిడ్జి లేఅవుటులో ఒక తపాలా కార్యాలయము ప్రారంభమైనది. ఎల్ అండ్ టి సంస్థ మద్రాసు ఐ.ఐ.టి. సాంకేతిక సహాయముతో 1,021 చదరపు అడుగుల ఆ కట్టడమును 43 రోజులలో నిర్మించినది. గోడలను త్రీ-డి ముద్రణయంత్రము పొరపై పొరగా పేర్చినది. వార్తలు ఎక్కువగా రోజులనే లెక్కించినవి. అట్టి గోడ ఎన్ని ఏండ్లు నిలుచునన్న ప్రశ్న వెనుకబడినది.

పద్ధతి సులభముగనే బోధపడును. జంతికల గొట్టమునుండి పిండి వచ్చినట్లు యంత్రపు మూతినుండి చిక్కని కాంక్రీటు పట్టీగా వెలువడును; కంప్యూటరు చూపిన దారిన ఆ మూతి కదలును. సెంట్రింగు చెక్కలు అక్కరలేదు. వంపు గోడకును తిన్నని గోడకును శ్రమ ఇంచుమించు ఒక్కటే. ఈ సుగుణములను కాదనుట న్యాయము కాదు.

అయితే ఉక్కు చేరినచోట చిక్కు మొదలగును. కాంక్రీటు నొక్కుడును ఓర్చును గాని లాగుడును ఓర్వలేదు. అందుకే కడ్డీలు వేయుదుము. సిమెంటు నీటితో కలిసినపుడు ఏర్పడు సున్నము మొదలగు క్షారములవలన కాంక్రీటు పి.హెచ్. విలువ 12కు మించియుండును. ఆ స్థితిలో కడ్డీపై ఒక పలుచని రక్షకపొర నిలిచి తుప్పును ఆపును. గాలిలోని బొగ్గుపులుసు వాయువు లోనికి దిగి సున్నమును సుద్దగా మార్చినపుడు ఆ విలువ 9కి, ఇంకను దిగువకు పడును, పొర చెడును. తేమయు ప్రాణవాయువును తోడైనచో తుప్పు పట్టును. తుప్పు ఇనుముకంటె రెండింతలకు పైగా చోటు కోరును గనుక కాంక్రీటు పగిలి పెచ్చులూడును. సముద్రతీరమున ఉప్పులోని క్లోరైడులు సున్నము మారకముందే ఆ పొరను ఛేదింపగలవు.

ముద్రించిన గోడకు బలహీనత అతుకులయందున్నది. క్రింది పొర ఆరిన పిమ్మట పై పొర పడినచో నడుమ సన్నని ఖాళీలు మిగులును. వాయువునకు, నీటికి, ఉప్పునకు అదియే రాజమార్గము. సెంట్రింగు కప్పు లేని తడి కాంక్రీటు త్వరగా ఎండి నెర్రెలు విచ్చవచ్చును.

ఇచట ఒక లెక్క చూడుడు. వాయువు దిగు లోతు కాలముయొక్క వర్గమూలమునుబట్టి పెరుగును. కడ్డీపైనున్న 25 మిల్లీమీటర్ల కాంక్రీటును దాటుటకు 60 ఏండ్లు పట్టుననుకొందము. అతుకువెంట అంతే కాలములో రెట్టింపు లోతు దిగినచో కడ్డీని చేరుటకు 30 ఏండ్లని తోచును. కాదు, 15 ఏండ్లే!

కాబట్టి అచ్చులో పోసిన దిమ్మె బలమును చూపి గోడ మన్నికను చాటుట చాలదు. అతుకునకు అడ్డముగా గోడనుండియే ముక్కను కోసి పరీక్షింపవలెను. పరీక్ష కష్టమైనది కాదు: అప్పుడు విరిచిన ముఖముపై ఫినాఫ్తలీన్ ద్రావణము చల్లినచో క్షారము మిగిలినచోట గులాబిరంగు, పోయినచోట రంగులేమి కనిపించును. ఉపాధ్యాయులు పాత కాంక్రీటు ముక్కతో దీనిని తరగతిలో చూపవచ్చును.

వేరొక దారియు కలదు. 2021లో వెనిస్ నగరమున జ్యూరిచ్ పరిశోధకులును జహా హదీద్ సంస్థవారును స్ట్రయేటస్ అను కాలివంతెనను ముద్రించిన దిమ్మెలతో కమానుగా పేర్చినారు. దిమ్మెలలో కడ్డీలు లేవు. బరువంతయు నొక్కుడుగనే నేలకు చేరును. కడ్డీ లేనిచోట కడ్డీకి తుప్పు లేదు. కాని ప్రతి ఇల్లును కమాను కాజాలదు. కడ్డీలు తప్పని ఇంటిని ముద్రించువారు ఎన్ని రోజులలో కట్టితిమో చెప్పినట్లే, అతుకులలో వాయువు ఏటేట ఎంత దిగినదో కూడ కొలిచి చెప్పవలెను. ఆ ఇంట కాపురముండువారు అడుగవలసినదియు అదియే.