బుడగలో అక్షరాలు
అమెరికన్ సూపర్‌హీరో కామిక్స్‌లో మాటల బుడగలు నింపే లెటరర్‌ది పాఠకుల చూపు నిలవని పనితనం. 1938లో సూపర్‌మ్యాన్ వచ్చిన నాటి నుంచి దశాబ్దాలపాటు అది చేతిపనే. పెన్సిల్ బొమ్మ మీద సన్నని గీతలు కొట్టి, పాళీని నల్ల సిరాలో ముంచి, అన్నీ పెద్దక్షరాల్లోనే రాసేవారు. గుసగుసకు అక్షరం సన్నగిల్లాలి, అరుపుకు లావెక్కాలి. బుడగ ముఖాలను కప్పకూడదు, చూపును మాత్రం వరుస తప్పకుండా నడిపించాలి. అసలు కష్టమంతా అక్కడే. 1960లలో మార్వెల్ సంస్థ లెటరర్లు ఆర్టీ సైమెక్, శామ్ రోజెన్ పేర్లను రచయిత, చిత్రకారుల పేర్లతోపాటు అచ్చువేసింది. ఎంతో ముందే దక్కాల్సిన గౌరవమది. 1989లో మొదలైన డీసీ సంస్థ వారి ‘శాండ్‌మ్యాన్’ కామిక్‌లో లెటరర్ టాడ్ క్లైన్ కథానాయకుడైన కలల రాజు మాటలను నల్ల బుడగల్లో తెల్లక్షరాలుగా రాసి, ఆ గొంతుకే రూపమిచ్చాడు. 1990లలో కంప్యూటర్ ఫాంట్లు పాళీని పక్కకు నెట్టాయి. ఆ ఫాంట్లలో చాలావాటికి మూలం మాత్రం చేతిరాతే.