గోడలకు చెవులేనా?

మా పెద్దక్క కూతురు బెర్లిన్‌లో చదువుకుంటోంది. చదువుతోబాటు ఊళ్ళు తిరగడం కూడా బాగానే అబ్బింది పిల్లకు. ఆదివారం వచ్చిందంటే ఏదో ఒక వీధిలో నిలబడి ఫొటోలు తీసి నాకు పంపుతుంది. చర్చీలూ మ్యూజియాలూ కావండోయ్! ఉత్త గోడలు. గోడల నిండా బొమ్మలూ, రాతలూను. మొన్నామధ్య, "పిన్నీ, ఎప్పుడూ నావే చూస్తావేం? మీ పెద్ద అంబర్‌పేట గోడలు నాలుగు పంపు" అంది.

నాకు నవ్వొచ్చింది. మా గోడల మీద ఏముందని? ఔటర్ రింగు రోడ్డు దిగి విజయవాడ రోడ్డెక్కితే, ఒక గోడ మీద సిమెంటు, ఇంకో గోడ మీద ప్లాట్లు, మరో గోడ మీద మూలవ్యాధికి శాశ్వత పరిష్కారం. మా వీధి మలుపులో మాత్రం వేంకటేశ్వరస్వామి, ఏసుప్రభువు, మక్కా మసీదు పక్కపక్కనే పలకల మీద కొలువై ఉంటారు. మతసామరస్యం అనుకునేరు! "ఇచ్చట మూత్రము పోయరాదు" అన్న రాతను మన మగమహారాజులు లెక్కచేయక పోయేసరికి, ఆ గోడ యజమాని చేసిన ఏర్పాటు అది. పాపం, దేవుళ్ళ చేత గోడకు కాపలా కాయిస్తున్నాం.

ఇదా కళ అని కొట్టిపారేయబోయాను గానీ, మనసులో ఒక సందేహం మిగిలిపోయింది. నవల చదివితే బాగుందో లేదో చెప్పడానికి మనకు కొన్ని కొలతలున్నాయి. సినిమాకూ ఉన్నాయి. మరి గోడమీది బొమ్మ బాగోగులు దేనితో కొలవాలి? రంగులు బాగున్నాయి, ముక్కు తీరుగా ఉంది అంటే సరిపోతుందా?

బెర్లిన్ గోడ కథలో నాకొక కొలత దొరికింది. 1961లో ఊరిని రెండు ముక్కలు చేస్తూ లేచిన ఆ గోడకు పడమటి ముఖం నిండా రంగులే ఉండేవి. తూర్పు ముఖం మాత్రం తెల్లగా, బోసిగా ఉండేది. తూర్పువాళ్ళకు బొమ్మలు రాక కాదు. కాపలా భటుల తుపాకులు వాళ్ళను గోడ దగ్గరకు రానివ్వలేదు. 1989లో గోడ తెరుచుకుంది. ఆ మరుసటి ఏడు దేశదేశాల చిత్రకారులు వచ్చి, కూలకుండా మిగిలిన సుమారు 1.3 కిలోమీటర్ల గోడకు ఆ తూర్పు ముఖం మీదే బొమ్మలు వేశారు. ఆ బొమ్మల్లో కొన్ని గొప్పవి, కొన్ని సాదావి. అయినా అక్కడ నిలబడ్డవాళ్ళకు ఒళ్ళు జలదరిస్తుందంటే ఆ గొప్పతనం రంగులది కాదు. నిన్నటిదాకా చెయ్యి తగలనివ్వని చోట చెయ్యి తగిలింది, అదీ సంగతి. కాబట్టి గోడ మీద ఏముందని అడిగే ముందు, ఆ గోడ దగ్గరకు ఎవరు వెళ్ళగలరు అని అడగాలన్నమాట.

ఈ ప్రశ్న ఆడవాళ్ళం మనం అడగకపోతే ఇంకెవరడుగుతారు? గోడరాత చాలాచోట్ల రాత్రిపూట పని. చీకట్లో ఒక్కర్తీ వీధిలో నిలబడి, స్ప్రే డబ్బాతో రాసుకునే ఆడపిల్లను ఊహించండి. పారిస్‌లో ఒకావిడ ఆ పనే చేసింది. మిస్ టిక్ అని పేరు పెట్టుకుంది. 1985 నుంచి గోడల మీద అచ్చుబిళ్ళ ఆనించి నల్లరంగు కొట్టి ఆడవాళ్ళ బొమ్మలు వేసేది. ఆ బొమ్మలు చూడ్డానికి ఫ్యాషను పత్రికల్లోంచి నడిచొచ్చినట్టుంటాయి. అంతవరకైతే కొత్తేముంది? అందమైన ఆడదాన్ని గోడకెక్కించడం వ్యాపార ప్రకటనలవాళ్ళు ఏనాడో నేర్చారు. కాని ఈవిడ బొమ్మల పక్కన ఒక వాక్యం ఉంటుంది. ప్రేమ మీదో, మగవాళ్ళ మీదో, తన మీద తనకో ఒక శ్లేష, ఒక చురక. అంటే ఆ బొమ్మ ఊరికే చూపులకు నిలబడదు, చూసేవాడికి జవాబు చెబుతుంది. గోడలు పాడుచేసిందని కోర్టు ఆవిడకు జరిమానా వేసింది. తర్వాత 2011లో ఫ్రాన్సు తపాలా శాఖ మహిళా దినోత్సవానికి ఆవిడ బొమ్మలతోనే బిళ్ళలు వేసింది! 2022లో ఆవిడ పోయింది.

ఇటలీలో బ్లూ అనే చిత్రకారుడిది ఇంకో దారి. బెర్లిన్‌లో ఆయన వేసిన రెండు పెద్ద బొమ్మలకు ఊరంతా మురిసిపోయింది. తీరా వాటి ముందున్న ఖాళీ జాగాలో ఖరీదైన భవనాలు లేవబోతున్నాయనీ, ఆ బొమ్మలే ఆ స్థలానికి సోకు అవుతున్నాయనీ తెలిశాక, 2014 డిసెంబరులో ఆయన సమ్మతితోనే వాటిమీద నల్లరంగు పూసేశారు. 2016లో బొలోనా నగరంలో వీధిబొమ్మలను గోడలనుంచి ఊడదీసి ప్రదర్శనలో పెట్టబోతుంటే, ఆయన ఆ ఊళ్ళో ఉన్న తన బొమ్మలన్నిటికీ బూడిదరంగు వేసేశాడు. ఇది మంకుపట్టు అన్నారు కొందరు. నాకలా తోచలేదు. ఎవరికోసం మాట్లాడిందో వాళ్ళకు దూరమైతే ఆ బొమ్మకిక నోరెందుకు అనుకున్నాడు కాబోలు.

ఇక మన ఊరికి వద్దాం. రాజ్‌భవన్‌కూ హుస్సేన్‌సాగర్‌కూ మధ్య ఎం.ఎస్. మక్తా అని ఒక పాత బస్తీ ఉంది. 2016లో స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ తరఫున చిత్రకారులు వచ్చి అక్కడి ఇళ్ళ గోడలకు పెద్ద పెద్ద బొమ్మలు వేశారు. పనిగట్టుకుని వెళ్ళి చూశాను. స్వాతి, విజయ్ దంపతుల పనిలో తెలంగాణ పల్లె మనుషుల ముఖాలు కనిపిస్తాయి. నాకు నచ్చినదేమిటంటే అక్కడ బొమ్మ కింద బట్టలారేసుకుంటారు, బొమ్మకు ఆనుకుని సైకిలు పెట్టుకుంటారు. గోడ ఇంకా ఆ ఇంటివాళ్ళదే. మ్యూజియంలో ఈ చనువు దొరుకుతుందా?

అయితే ఆ తర్వాత ఊరంతా పాకిన "సుందరీకరణ" బొమ్మల సంగతి వేరు. దిల్‌సుఖ్‌నగర్ వైపు బస్సులో వెళ్తూ చూడండి. వంతెన స్తంభాల మీదా, ప్రహరీల మీదా చార్మినారు, నెమలి, బతుకమ్మ, నెత్తిన కుండతో ఒక పడుచు. ఆవిడ ఎప్పుడూ నవ్వుతూనే ఉంటుంది. ఎండైనా వానైనా అదే నవ్వు, అదే కుండ. ఏ గోడమీదైనా ఒక్కసారి ఆ కుండ దించి, నడుం మీద చెయ్యి వేసుకుని "అబ్బా!" అన్నదేమో చూద్దామని ఎదురుచూస్తున్నాను. ఆ బొమ్మలు వేసినవాళ్ళ చేతిలో పనితనం లేదనను. ఫ్లెక్సీలొచ్చి చేతిరాత పెయింటర్ల పొట్ట కొట్టిన ఈ రోజుల్లో, కుంచె పట్టినవాడికి నాలుగు రోజులు పని దొరికితే సంతోషమే. నా ఫిర్యాదల్లా పని పురమాయించిన వాళ్ళ మీద. ఆడదాన్ని గోడనిండా నింపారు గాని ఒక్క మాటైనా ఆడనివ్వలేదు.

ఇంత రాసిన నేను ఏమంత ఉద్ధరించానో కూడా చెప్పాలి గదా!

మెయిన్ రోడ్డు నుంచి మా కాలనీకి వచ్చే సందు పొడుగునా ఒక ప్రహరీగోడ ఉంది. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగులకు వెళ్ళే ఆడపిల్లలు రాత్రి ఎనిమిదింటికి బస్సు దిగి ఆ సందులోంచే రావాలి. కిందటేడు ఆ గోడమీద ఎవరో ఇటుక ముక్కతో పెద్ద అక్షరాలతో రాశారు: "ఇక్కడ లైటు పెట్టండి. భయంగా ఉంది." అక్షరాలు వంకరటింకర. 'భ'కు వత్తు కూడా లేదు.

మా కాలనీ కమిటీలో చర్చ జరిగింది. లైటు గురించి కాదు, గోడ అసహ్యంగా ఉందని! గోడలు పాడుచేయకూడదని 1997లోనే చట్టం వచ్చిందని ఒక పెద్దాయన గుర్తుచేశారు. సున్నం కొట్టించి మంచి బొమ్మ వేయిద్దామన్నారు. కమిటీలో సాహిత్యం తెలిసినదాన్ని నేనొక్కర్తినే కనక, బొమ్మ ఎంచే బాధ్యత నాకే అప్పగించారు. నేను ఏం ఎంచానో తెలుసా? నెమలి. పక్కన కుండతో పడుచు.

బొమ్మ బ్రహ్మాండంగా వచ్చింది. అందరూ మెచ్చుకున్నారు. రాత్రయితే మాత్రం ఎవరికీ కనపడదు, ఎందుకంటే అక్కడ లైటు లేదు. ఒకరోజు పక్కింటి అమ్మాయి నాతో కలిసి ఆ సందులో నడుస్తూ సెల్‌ఫోను లైటు ఆ గోడమీద వేసి, "ఆంటీ, నేను రాసిన చోటే ఈ నెమలి తోక" అంది నవ్వుతూ. కోపంగా అన్నా బాగుండేది.

బెర్లిన్ పిల్లకు ఆ నెమలి ఫొటో పంపడానికి మనసొప్పలేదు. ఆ ఇటుకరాత ఫొటో ఒకటి ఉండాల్సింది, ఎవరూ తీయలేదు. మా ఊరి గోడలన్నిటిలోకీ విమర్శకు నిలబడే రచన అదొక్కటే. ఎవరితో మాట్లాడుతోందో దానికి తెలుసు. ఏం కావాలో తెలుసు. ఒక్క మాట ఎక్కువ లేదు, తక్కువ లేదు. వత్తు లేని ఆ 'భ'ను చూసి అప్పుడు నవ్వుకున్న నేను, గబగబా రాసి వెళ్ళిపోవాలన్న కంగారును అందులో చదవలేకపోయాను.

మొన్న తెల్లవారుజామున ముగ్గుడబ్బా తీసుకుని ఆ సందు మొదటికి వెళ్ళాను. "మన వాకిలి ఇటు కదా!" అన్నారు మావారు. వినిపించుకోలేదు. పదిహేను చుక్కల ముగ్గు పెట్టి, సంక్రాంతికి శుభాకాంక్షలు రాస్తాం చూడండి, అలా మధ్యలో "ఇక్కడ లైటు పెట్టండి. భయంగా ఉంది" అని రాశాను. ఈసారి వత్తుతో సహా. ముగ్గును పట్టుకునే చట్టం ఇంకా ఎవరూ చేయలేదు లెండి. పదింటికల్లా స్కూటర్ల కింద చెరిగిపోయింది.

మర్నాడు మళ్ళీ వేశాను. లైటు ఇంకా రాలేదు. డబ్బాలో ముగ్గు మాత్రం ఉంది.