ఖాళీ ఒడి ఎవరి లెక్క?

'హమ్ పాంచ్, హమారే పచ్చీస్' అని మమ్మల్ని వెక్కిరించేవాళ్లకు పిల్లలు లేని ముస్లిం స్త్రీ కూడా ఉంటుందన్న ఊహే లేదు. 1992-93లో మా స్త్రీలకు సగటున 4.4గా ఉన్న కాన్పులు 2019-21 నాటికి 2.36కు దిగాయి. ఎగతాళి మాత్రం దిగలేదు. గడప బయట ఎక్కువ కంటుందన్న నింద, గడప లోపల కనలేదన్న నింద. పెళ్లయి రెండేళ్లు దాటితే చాలు, 'బాంజ్' అన్న మాట ఇంట్లోకొస్తుంది. తావీజులు, దర్గాలో మన్నతులు, ఆఖరికి మగవాడికి రెండో నిఖా.

ఇప్పటి అమ్మాయిలు ఈ వరస ఒప్పుకోవడం లేదు. దువా చేస్తూనే డాక్టరు దగ్గరికి పోదామంటున్నారు. అక్కడ మతాన్ని అడ్డం పెడతారు. టెస్ట్‌ట్యూబ్ బిడ్డ హరామట! ఎవరు చెప్పారు? ఈజిప్టు గ్రాండ్ ముఫ్తీ జాదల్ హఖ్ 1980లోనే ఫత్వా ఇచ్చాడు. నిఖాలో ఉన్న భార్యాభర్తల అండం, వీర్యం అయితే తప్పులేదు, మూడో మనిషివి కూడదు అని. ప్రపంచంలో మొదటి టెస్ట్‌ట్యూబ్ బిడ్డ పుట్టి అప్పటికింకా రెండేళ్లే. 1999లో ఇరాన్‌లో ఆయతుల్లా ఖమేనీ దాతల్ని కూడా అనుమతించాడు. మరి 'ఇస్లాం ఒప్పుకోదు' అని ఒక్క మాటతో నోరు మూయించడమేమిటి?

దాత విషయంలో నేను మాట్లాడిన అమ్మాయిలు చాలామంది వెనక్కి తగ్గారు. నసబ్, అంటే ఫలానావారి బిడ్డ అన్న వంశం, చెరిగిపోతుందని వాళ్ల భయం. ఇది వెనకబాటుతనమని మన అభ్యుదయవాదులు తొందరపడి తేల్చేయొద్దు. రేపు ఆ బిడ్డకు ఎవరు మహ్రమ్, ఎవరితో నిఖా కుదరదు అన్నది వాళ్లకు నిజమైన చిక్కు.

నా కోపం ఫత్వా మీద కాదు, దాన్ని సగమే చదివే మగవాళ్ల మీద. పిల్లలు లేని జంటల్లో దాదాపు సగంమందిలో మగవాడి లోపం కూడా ఉంటుంది. అతని పరీక్ష ఒక్క పూట పని. ఆమెకైతే సూదులు, స్కానింగులు, మత్తిచ్చి అండాలు తీయడం. అయినా ముందు ఆమెనే పంపుతారు. లక్షల్లో అయ్యే ఖర్చుకు నగలు కూడా ఆమెవే!

మా గల్లీలో ఒక కోడలు అత్తతో మెల్లగానే అంది: "రెండో నిఖా సంగతి తరవాత చూద్దాం అమ్మీ, ముందు మీ బేటాను టెస్టుకు పొమ్మనండి." వారం రోజులు ఆ ఇంట్లో ఎవరూ ఆమెతో మాట్లాడలేదు. ఎనిమిదో రోజు అతను పోయొచ్చాడు.