బొమ్మ రైలుబండి - నడిమి పట్టా

1901లో న్యూయార్కునందు జాషువా లయొనెల్ కోవెన్, అంగడి అద్దాల వెనుక నిలిపి బాటసారుల నాకర్షించుటకై విద్యుత్తుతో నడచు చిన్నబండి నొకదానిని తయారుచేసెను. వచ్చినవారు సరకును విడిచి బండినే బేరమాడిరట!

1906లో ఆయన కంపెనీ మూడుపట్టాల పద్ధతిని చేపట్టెను. విద్యుత్తు నడిమి పట్టానుండి మోటారునకు చేరి, చక్రములద్వారా ప్రక్కపట్టాలకు మరలును. సాధారణ రైలుమార్గమున నడిమి పట్టా ఉండదు గనుక ఇది బొమ్మకు వికారమని పలువురి ఆక్షేపణ. 1946లో అమెరికన్ ఫ్లయర్ కంపెనీ రెండుపట్టాలతో బండ్లను విడుదల చేసినది అందుకే. చూపునకు అవి మేలు, నిజమే. కాని బండి చుట్టు తిరిగి, వచ్చిన దారినే ఎదురుగా చేరునట్లు మార్గమును మలచినచో, అచట ఎడమపట్టా కుడిపట్టాతో కలిసి షార్ట్ సర్క్యూట్ ఏర్పడును. కాగితముపై రెండు రంగులతో గీచి చూచిన విద్యార్థికి ఈ చిక్కు వెంటనే బోధపడును. మూడుపట్టాలలో ప్రక్కవి రెండును విద్యుత్తు మరలు దారియే గనుక ఆ బాధ లేదు.

లయొనెల్ బండ్ల అసలు లోపము వంపులో ఉన్నది. వాడుకలోని వలయపు వ్యాసము 31 అంగుళములు. 48 రెట్లు పెంచినను 124 అడుగులే! అమెరికాలో ప్రయాణికుల పెట్టె ఒక్కటే సుమారు 85 అడుగులుండును. కనుకనే బొమ్మపెట్టెలను కురచచేసిరి. 1937లో కొలత తప్పక చేసిన హడ్సన్ ఇంజనుకు 72 అంగుళముల వలయము కావలసివచ్చెను.