వివేకవర్ధని - అచ్చుకూటము

వివేకవర్ధని వాదములలోని తీక్ష్ణతకు వీరేశలింగము పంతులుగారి స్వభావమే కారణమని విమర్శకు లెల్లరు నందురు. అచ్చుకూటమును గూడ లెక్కింపవలదా? 1874 అక్టోబరులో రాజమహేంద్రవరమునఁ బుట్టిన యీ పత్రిక తొలి సంచికలు చెన్నపురిలోఁ గొక్కొండ వేంకటరత్నము పంతులుగారి సంజీవనీ ముద్రాశాలలో నచ్చుపడినవి. నాఁ డారెండు పట్టణముల నడుమ రైలుదారి లేదు; వ్రాఁతప్రతి పంపి సంచికలు తెప్పించుకొనుటయే యొక ప్రయాస. అంతకు మించిన చిక్కు వేఱొకటి. ఆంధ్రభాషాసంజీవని నడపుచున్న కొక్కొండవారు స్త్రీవిద్యావిషయమునఁ బ్రతిపక్షులు. ప్రతివాది ముంగిటఁ దన వాదము నచ్చొత్తించుకొనవలసిన పత్రికాధిపతి స్వాతంత్ర్య మెంత? రాజమహేంద్రవరముననే స్వంత ముద్రాశాల నెలకొన్న పిదపఁ గాని యీ పరాధీనత తీఱలేదు. కొక్కొండవారి హాస్యవర్ధనికి బదులుగా 1876లో హాస్యసంజీవని వెలసినది. ఒకరి పత్రిక పేరు నింకొకరు వెక్కిరించుట! పేరులలోనే పోరు. ఆ యెత్తిపొడుపులను జెన్నపురి యచ్చుకూట మచ్చొత్తియుండెడిదా?