కొండదారి సైకిలు పందెము: జోస్యమెంత? శాస్త్రమెంత?

ఫ్రాన్సు దేశమున ఏటేట జరుగు టూర్ ద ఫ్రాన్స్ అను సైకిలు పందెము మూడు వారముల పాటు సాగును. ప్రతి దినపు పరుగును ఒక అంకముగా లెక్కింతురు. అన్ని అంకముల కాలమును కూడగా ఎవరికి తక్కువ వచ్చునో అతడే విజేత. మైదానపు దారిలో గుంపంతయు కలిసి వచ్చును గనుక ప్రధానమైన పోటీదారుల నడుమ భేదము సామాన్యముగా సెకన్లకు మించదు. కొండదారిలో అది నిమిషములలోనికి పోవును. అందుచేతనే కొండ అంకమునకు ముందు దినమున జోస్యములు పుట్టలు పుట్టలుగా వెలువడును. ఏ కనుమ వద్ద ఎవరు ముందుకు దూకుదురు, ఏ జట్టు వేగము పెంచును, ఎవరు వెనుకబడుదురు అని చెప్పువారు వాలు పటములను, వాట్ల లెక్కలను చూపి తమ మాటకు శాస్త్రపు ముద్ర వేయుదురు. ఆ ముద్ర ఎంతవరకు నిజమో పరిశీలించుటకు 2022 జూలై 13న జరిగిన 11వ అంకము మంచి ఉదాహరణము.

ఆ దినపు దారి ఆల్బర్‌విల్ నుండి గ్రానో కనుమ వరకు సుమారు 152 కిలోమీటర్లు. నడుమ టెలిగ్రాఫ్ కనుమ, దాని వెనుక 2,642 మీటర్ల ఎత్తుగల గాలిబియే కనుమ. కడపట గ్రానో: ఎక్కుడు పొడవు 11.3 కిలోమీటర్లు, సగటు వాలు నూటికి 9.2, పైభాగము 2,413 మీటర్ల ఎత్తు. 2020, 2021 సంవత్సరములలో గెలిచిన స్లొవేనియా యువకుడు తదేయ్ పొగాచర్ ముందంజలో నుండెను. డెన్మార్కు దేశీయుడు యోనాస్ వింగెగోర్ అతనికి 39 సెకన్లు వెనుక నుండెను. ఆ యేటి 6వ, 7వ అంకములను పొగాచరే గెలిచియుండెను. 7వ అంకమున నిట్రమైన కడపటి ఎక్కుడులో వింగెగోర్‌ను చివరి క్షణమున దాటెను. ఈ లెక్కలనే నమ్మినవాడు గ్రానో పైన కూడ పొగాచరే ముందుండునని చెప్పుట సహజము. కాని జరిగినది వేరు. వింగెగోర్ మొదటివాడుగా వచ్చెను. పొగాచర్ 2 నిమిషముల 51 సెకన్లు ఆలస్యముగా వచ్చెను. విజేతకు లభించు 10 సెకన్ల బహుమానమును దీనికి కలిపి, పూర్వపు 39 సెకన్లను తీసివేయగా, 2 నిమిషముల 22 సెకన్లు తేలును. ఆ సాయంకాలము పొగాచర్ వెనుకబడిన కాలము సరిగా అంతయే.

అట్లయిన భౌతికశాస్త్రము అబద్ధమాడెనా? అది ఏమి చెప్పగలదో ముందు చూడవలెను. మనిషి, సైకిలు కలిసి 70 కిలోగ్రాములనియు, గ్రానో వంటి వాలుపై గంటకు 18 కిలోమీటర్ల వేగముతో, అనగా సెకనుకు 5 మీటర్ల వేగముతో ఎక్కుచున్నాడనియు అనుకొందము. గురుత్వాకర్షణను ఎదిరించుటకే సుమారు 315 వాట్లు కావలెను. టైర్లు దొర్లునప్పటి ఘర్షణకు 14 వాట్లు, గాలిని చీల్చుకొని పోవుటకు 20 వాట్లు చాలును. మొత్తములో గాలి వాటా నూటికి ఆరు పాళ్లు మాత్రమే. అదే మనిషి సమతలమున గంటకు 45 కిలోమీటర్ల వేగముతో పోయినచో గాలికే 300 వాట్లకు పైగా వెచ్చించును. వాయు నిరోధమునకు కావలసిన సామర్థ్యము వేగపు ఘనమును అనుసరించి పెరుగుటయే దీనికి కారణము.

ఈ చిన్న లెక్కలోనే కొండ అంకపు ఎత్తుగడలకు మూలమున్నది. సమతలమున సహచరుని వెనుక నక్కి పోవువాడు తన శ్రమలో పెద్ద భాగమును మిగుల్చుకొనును. నిట్రమైన ఎక్కుడులో ఆ నీడ విలువ స్వల్పము. అక్కడ ఎవని బరువు వాడే మోయవలెను. కావున బలవంతుని ఓడింపగోరు జట్టు కడపటి కొండ వరకు వేచియుండరాదు. అంతకు ముందే అతని సహచరులను తొలగించి, అతనిని ఒంటరిని చేసి, అలయించవలెను. లోయలో గాలికి అడ్డుగా నిలుచుటకు తన మనుష్యులను ముందుగానే పంపియుంచవలెను. ఇంతవరకు శాస్త్రము చెప్పగలదు. చెప్పినది నిజము కూడ అయ్యెను.

వింగెగోర్ జట్టు ఆ దినమున చేసిన పని ఇదియే. వౌట్ వాన్ ఆర్ట్ మొదలైనవారు ఆరంభముననే ముందు గుంపులో చేరిపోయిరి. టెలిగ్రాఫ్, గాలిబియే కనుమల మీద, ముగింపునకు ఇంకను ఎంతో దూరముండగానే, ప్రిమోజ్ రొగ్లిచ్, వింగెగోర్ ఒకరి తరువాత ఒకరు ముందుకు దూకిరి. రొగ్లిచ్ అప్పటికి రెండు నిమిషములకు పైగా వెనుకబడియున్నవాడు. పొగాచర్ ప్రతి దూకుడును తానే స్వయముగా వెంబడించెను. గాలిబియే మీద తానే వేగము పెంచి తన బలమును చూపెను కూడ. చివరకు గ్రానో మీద సుమారు 5 కిలోమీటర్లు మిగిలియుండగా వింగెగోర్ దూకినప్పుడు అతడు కదలలేకపోయెను.

ఇద్దరు వేటగాండ్రు, ఒక జింక అన్న లెక్క ఇది. జింక ప్రతి అదలింపునకు పరుగెత్తినచో అలసిపోవును, పరుగెత్తకున్నచో చిక్కును. అయినను పొగాచర్‌కు మూడవ దారి లేకపోలేదు. రొగ్లిచ్ దూకినప్పుడు అతనిని పోనిచ్చి, వింగెగోర్‌ను మాత్రమే కనిపెట్టియుండిన, రొగ్లిచ్ గడించు కాలము రెండు నిమిషములు దాటు వరకు ప్రమాదము లేదు. ఆ దారిని అతడు పట్టలేదు. ఏ వాలు పటము ఈ నిర్ణయమును ముందుగా చూపజాలదు. జోస్యకారుల మొదటి లోపము ఇక్కడనే ఉన్నది: కొండ మారు పలుకదు, మనిషి పలుకును. ప్రత్యర్థి ఎత్తుకు ఎత్తు వేయు జీవియని మరచి, అతనిని వాలు బల్ల మీద దొర్లించిన గోళీ వలె లెక్కించుట పొరపాటు.

రెండవ లోపము మనిషిని మారని యంత్రముగా భావించుట. 300 వాట్ల పని ఒక గంట చేసినచో 1,080 కిలోజౌళ్లు అగును. కండరములు తాము వెచ్చించు శక్తిలో నాలుగవ వంతును మాత్రమే పనిగా మార్చగలవు గనుక శరీరమునకు సుమారు వెయ్యి కిలోకాలరీలు ఖర్చగును. కండరములలోను కాలేయములోను నిలువయుండు పిండిపదార్థము దాదాపు రెండు వేల కిలోకాలరీలకే సరిపోవును. పందెము నాలుగు గంటలకు పైగా సాగినది. తిండి ఒక పూట తగ్గిన, ఎండ కొంచెము హెచ్చిన, నిన్నటి వాట్లు నేడు రావు. పైగా 2,400 మీటర్ల ఎత్తున గాలి ఒత్తిడి సముద్రమట్టపు ఒత్తిడిలో నాలుగింట మూడు వంతులే. ఒక్కొక్క ఊపిరిలో లభించు ఆక్సిజను ఆ మేరకు తగ్గును. అది అందరికి ఒకే విధముగ హాని చేయదు. 7వ అంకపు చిన్న నిట్రపు గుట్టను చూచి గ్రానోను ఊహించుట, నూరు గజముల పరుగును చూచి పది మైళ్ల పరుగును ఊహించుట వంటిది.

మూడవ లోపము అన్నిటికంటె పెద్దది: జరిగిన పిదప పుట్టు జ్ఞానము. పందెము ముగిసిన మరునాడు అందరును కారణములు చెప్పిరి. సహచరులు చాలలేదనిరి, తిండి చాలలేదనిరి, వేడి యనిరి, అనవసరముగా వెంబడించెననిరి. ఒక్కొక్కటి సంభవమే. కాని పొగాచర్ గెలిచియుండిన, అవే సంగతులు అతని ధైర్యమునకు నిదర్శనములై యుండెడివి. గెలుపునకును ఓటమికిని ఒకే తీరుగ పనికివచ్చు వివరణ దేనిని వివరించినట్లు? 2011లో ఆండీ ష్లెక్ ఇట్టి ఎత్తుగడనే పన్ని, సహచరులను ముందు పంపి, ఇజోవార్ కనుమ మీద 60 కిలోమీటర్ల దూరమునుండియే దూకి గాలిబియే పైన అంకమును గెలిచెను. ఎత్తుగడ ఫలించెను. అయినను ఆ యేటి పందెమును కాడెల్ ఎవన్స్ గెలిచెను. ఒక్క ఫలితమును చూచి ఎత్తుగడను మెచ్చుట గాని నిందించుట గాని తగదని దీని వలన తెలియును.

ఈ లెక్కల వలన మనుష్యుల పేరు ప్రతిష్ఠలకు కూడ ముప్పు కలదు. టెలివిజను చిత్రములో ఎక్కుడుకాలమును కొలిచి, పందెగాని వాట్లను గణించి, ఇతడు నిషిద్ధమైన మందులు వాడెనని గాని వాడలేదని గాని తీర్పు చెప్పువారున్నారు. పైన చెప్పిన మనిషికి సెకనుకు 2 మీటర్ల ఎదురుగాలి, అనగా చెట్ల ఆకులు గలగలలాడు పాటి గాలి, తగిలినచో వాయు నిరోధపు వాటా 20 వాట్ల నుండి సుమారు 39 వాట్లకు పెరుగును. మొత్తము మీద ఇది నూటికి అయిదారు పాళ్ల తేడా. ఒకని గొప్పవాడనుటకును, మరొకని దొంగయనుటకును జనులు చూపు తేడా కూడ పెక్కుమార్లు ఇంతకు మించదు. గాలిని కొలువకుండ మనిషిని కొలుచుట న్యాయము కాదు.

అట్లని జోస్యమే కూడదని కాదు. మంచి జోస్యమునకు మూడు లక్షణములుండవలెను. అది పందెమునకు ముందే వ్రాసిపెట్టబడవలెను. "ఇట్లయినచో ఇట్లగును" అను షరతుతో నుండవలెను. ఏమి జరిగిన అది తప్పగునో ముందే ఒప్పుకొనవలెను. "గాలిబియే మీద పొగాచర్ ఒంటరియై, ఇద్దరి దూకుళ్లను తానే వెంబడించినచో, గ్రానో మీద కాలము పోగొట్టుకొనును; అతని సహచరులు నిలిచినచో పోగొట్టుకొనడు" అనుట అట్టి జోస్యము. "పొగాచర్ గెలుచును" అనుట పందెపు మాట.

ఉన్నత పాఠశాలలో దీనిని పరీక్షించుట సులభము. విద్యార్థులు తమ ఊరి మిట్టను ఎక్కుటకు ఎవరికెంత కాలము పట్టునో తమ తమ బరువులనుబట్టి ముందుగా లెక్క వేసి, కాగితముపై వ్రాసి, మడిచి ఉపాధ్యాయునికి ఇయ్యవలెను. పిదప సైకిలు ఎక్కవలెను. కాగితమును విప్పినప్పుడు కొన్ని లెక్కలు తప్పును. తప్పిన చోట అంకెను దిద్దుట గాక, ఏ సంగతిని మరచితిమో వెదకినవాడే పాఠమును నేర్చినవాడు.

1986లో మొదటిసారి పందెము గ్రానో కనుమపై ముగిసినప్పుడు బెర్నార్ ఇనో పసుపుపచ్చ చొక్కాను తన జట్టువాడే యైన గ్రెగ్ లెమాండుకు వదలుకొనెను. 36 సంవత్సరములకు అదే కొండ మీద అది మరల చేతులు మారెను. రెండు మారులును కొండ ఎత్తు అంతయే, వాలు అంతయే. మారినవారు మనుష్యులు.